కోళ్ల మీద దిగులు

(మహిళల చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



మీలో ఎంతమంది ఇళ్లలో కోళ్లు ఉన్నాయి? ఒకరికి రెండు, ఒకరికి పది. కోడి లేని పెరడు పల్లెల్లో తక్కువే.

కోడి ఆడవాళ్ల సొత్తు. పొలం మగవాళ్ల పేరున ఉంటుంది. పాల డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. గుడ్లు అమ్మిన డబ్బు మాత్రం ఇల్లాలి కొంగున ముడి పడుతుంది. పిల్లకు పలక కావాలన్నా, జ్వరానికి మాత్ర కావాలన్నా ఆ ముడే విప్పాలి.

సొత్తు ఒక్కటే కాదు. కోడి మీద ప్రేమ కూడా ఉంటుంది. "ఎర్రదానా", "చుక్కలదానా" అని పేర్లు పెట్టి పిలుస్తారు. బా బా అని పిలవగానే పరుగెత్తుకొచ్చి కాళ్ల చుట్టూ తిరుగుతాయి. చేతిలో నూకలు తింటాయి. మరి అలాంటి కోడి ముడుచుకుని కూర్చుంటే గుండె గుభేలుమనదా?

"కోళ్ల కోసం కూడా దిగులేనా?" అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. దిగులు తప్పు కాదు. కానీ ఆ దిగులు నిద్ర తినేస్తే, తిండి తినేస్తే, దానికి దారి వెతకాలి. ఈ రోజు మాట ఆ దారి గురించే.

ఒక అక్క సంగతి

ఒక అక్క ఉంది. పేరు అక్కర్లేదు. అలాంటి అక్క ప్రతి ఊళ్లోనూ ఉంటుంది.

పోయిన ఎండాకాలం ఆమెకు పద్నాలుగు కోళ్లు ఉండేవి. ఒక పొద్దున ఒక పెట్ట మేత ముట్టలేదు. మర్నాటికి మూడు కోళ్లు పచ్చగా పారాయి. నాలుగు రోజుల్లో గూడు ఖాళీ అయింది. ఒక్క పెట్ట మాత్రం మిగిలింది.

అక్క ఏడ్చింది. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. మిగిలిన పెట్టను పొదగేసింది. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు వచ్చాయి. సంతలో మరికొన్ని కొన్నది. ఇప్పుడు మళ్లీ పన్నెండు కోళ్లు.

కోళ్లు వచ్చాయి కానీ నిద్ర పోయింది. రాత్రి మూడుసార్లు లేచి, టార్చి వేసి గూట్లోకి చూస్తుంది. పక్కింటి కోడి తుమ్మితే ఈమెకు గుండె దడ. పిల్లలు తడిక తలుపు వెయ్యడం మరిచిపోతే ఇల్లంతా రభస. తమ్ముడి ఇంట్లో శుభకార్యానికి కూడా పోలేదు. "నేను లేకపోతే కోళ్లకేమన్నా అయితే?" అన్నది. పెనిమిటి విసుక్కున్నాడు. "అమ్మేస్తే పోలా?" అన్నాడు. ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

వెనకటికి ఒక ముసలమ్మ ఉండేదట. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకునేదట. ఈ అక్కది కూడా కొంచెం అలాంటి భయమే. తాను మేలుకుని ఉంటేనే కోళ్లకు తెల్లవారుతుందని ఆమె అనుకుంది.

ఒక రోజు పక్కింటి వదిన అడిగింది.

"ఏమే పిల్లా, రాత్రి మూడుసార్లు టార్చి వెలుగు కనపడింది. లేచి ఏం చేశావు?"

"కోళ్లను చూశాను వదినా."

"చూసి?"

"మళ్లీ పడుకున్నాను."

"నువ్వు చూస్తే తెగులు ఆగిందా?"

అక్క మాట్లాడలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుంటూ, "మరి ఏం చెయ్యమంటావు వదినా? ఊరికే కూర్చోలేను గదా?" అన్నది.

"ఊరికే ఎందుకు కూర్చోవాలి? తెగులును ఆపే పని ఏదో అది చేద్దాం" అన్నది వదిన.

ఈ మాటలోనే అంతా ఉంది. చూస్తూ కూర్చోవడం వేరు. పని చెయ్యడం వేరు.

దిగులు కాపలా కుక్క లాంటిది

దిగులు ఎందుకు పుడుతుంది? కాపలా కోసం పుడుతుంది. దొంగ వచ్చినప్పుడు కుక్క మొరగాలి. అప్పుడే ఇల్లు క్షేమం. కానీ గాలి వీచినా, ఆకు రాలినా తెల్లవార్లూ మొరిగితే? ఇంట్లో వాళ్లకు నిద్ర ఉండదు. తీరా దొంగ వచ్చిన రాత్రి ఎవరూ లేవరు.

చితి చచ్చినవాణ్ణి కాలుస్తుంది, చింత బతికినవాణ్ణి కాలుస్తుంది అంటారు పెద్దలు. నిద్ర లేని మనిషికి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. అలాంటి మనిషి కోళ్లను కూడా సరిగా చూసుకోలేదు.

ఇంకో సంగతి. కోడికి చీకట్లో చూపు సరిగా ఆనదు. రాత్రి టార్చి వెలుగు పడితే బెదురుతుంది. ఒకదాని మీద ఒకటి పడతాయి. అంటే ఈ అక్క కాపలా కాయడం లేదు. కోళ్ల నిద్ర కూడా చెడగొడుతోంది.

వదిన ఆమె చేత ఒక పని చేయించింది. కాగితం తీసి మధ్యలో గీత గీయమన్నది. గీతకు ఈ పక్క తన చేతిలో ఉన్నవి, ఆ పక్క తన చేతిలో లేనివి రాయమన్నది. అక్క కూడబలుక్కుని రాసింది.

చేతిలో లేనివి: ఎండ. వాన. ఆకాశంలో గద్ద. పక్క ఊళ్లో తెగులు.

చేతిలో ఉన్నవి: టీకా. మంచినీళ్లు. గూటి తలుపు. గూటి శుభ్రం. పిల్లల మీద గంప.

రాశాక చూసుకుంటే చేతిలో ఉన్నవే ఎక్కువ తేలాయి. రాత్రంతా ఆమె మనసు తిరిగింది మాత్రం చేతిలో లేని వాటి చుట్టూనే.

మొదటి పని: టీకా

నాలుగు రోజుల్లో గూడు ఖాళీ చేసిన ఆ తెగులు పేరు కొక్కెర తెగులు. డాక్టర్లు రాణిఖేత్ తెగులు అంటారు. రాణిఖేత్ హిమాలయాల దగ్గర ఒక ఊరు. ఇప్పుడు ఉత్తరాఖండ్ రాష్ట్రంలో ఉంది. మన దేశంలో ఈ తెగులును 1927లో అక్కడ గుర్తించారు. అందుకే ఆ పేరు వచ్చింది. అంటే ఇది అమ్మవారి కోపం కాదు. ఎవరి దిష్టీ కాదు. కంటికి కనపడని క్రిమి వల్ల వచ్చేది.

తెగులు తగిలిన కోడి మేత మానేస్తుంది. నోరు తెరిచి ఎగశ్వాస పెడుతుంది. పచ్చగా, నీళ్లగా రెట్ట వేస్తుంది. కొన్నిటికి మెడ మెలి తిరుగుతుంది. కాళ్లు, రెక్కలు పడిపోతాయి. టీకా లేని గూట్లో పడితే దాదాపు అన్నిటినీ తీసుకుపోతుంది. వచ్చాక తగ్గించే మందు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ముందే టీకా వేయించాలి.

పిల్లలకు మొదటి వారంలో కంట్లో గానీ, ముక్కులో గానీ ఒక చుక్క వేస్తారు. నాలుగు వారాలప్పుడు మళ్లీ చుక్కలమందు. ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద సూది. ఆ తర్వాత పెరటి కోళ్లకు ఆరు నెలలకొకసారి వేయిస్తే మంచిది. కోళ్లకు వచ్చే మశూచికి కూడా వేరే టీకా ఉంది. ఏది ఎప్పుడన్నది పశువుల ఆసుపత్రిలో అడిగి రాసుకోవాలి.

రెండు జాగ్రత్తలు మరవద్దు. ఒకటి, టీకా ఆరోగ్యంగా ఉన్న కోడికే వెయ్యాలి. తెగులు తగిలాక వేస్తే పనిచెయ్యదు. రెండు, టీకామందు చల్లగా ఉండాలి. ఐసు పెట్టి తేవాలి. వేడి తగిలితే మందు చచ్చిపోతుంది. కలిపిన మందును గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టీకామందు సీసా ఒకటి వందకో, అంతకన్నా ఎక్కువ కోళ్లకో వస్తుంది. అక్కకు ఉన్నవి పన్నెండు. సీసా విప్పితే మిగతా మందు పారబొయ్యాలి. పన్నెండు కోళ్ల కోసం ఎవరు వస్తారు? పోయినేడు ఆమె ఇలా అనుకునే ఊరుకుంది.

వదినా, అక్కా కలిసి వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. ఎవరికెన్ని కోళ్లో రాసుకున్నారు. పదకొండు ఇళ్లలో నూట ఆరు కోళ్లు లెక్క తేలింది. ఆ కాగితం పట్టుకుని మండలంలోని పశువుల ఆసుపత్రికి పోయారు. ఎండలు ముదరకముందే, ఒక తెల్లవారుజామున కోళ్లను గూళ్ల నుంచి వదలకముందే, టీకా వేయించారు. పన్నెండు కోళ్లకు కుదరని పని నూట ఆరు కోళ్లకు కుదిరింది.

పక్కింటి కోడి బాగుంటేనే మన కోడి బాగుంటుంది. కాబట్టి దిగులు కూడా నలుగురితో పంచుకోవాలి. పంచుకుంటే పనీ జరుగుతుంది, భయమూ తగ్గుతుంది.

రెండో పని: రోజుకు రెండు చూపులు

రోజంతా కోళ్లను చూడక్కర్లేదు. పొద్దున వదిలేటప్పుడు ఒకసారి, సాయంత్రం కప్పేటప్పుడు ఒకసారి చూస్తే చాలు.

పొద్దున నాలుగు చూడాలి. గూట్లోంచి హుషారుగా దూకిందా? మేతకు ఎగబడిందా? తలమీది తురాయి ఎర్రగా ఉందా? రెట్ట మామూలుగా ఉందా? ఈ నాలుగూ బాగుంటే కోడి బాగున్నట్టే. ఇక ఆ రోజు పనుల మీద ధ్యాస పెట్టాలి.

సాయంత్రం మూడు చెయ్యాలి. లెక్క చూడాలి. నీళ్ల మూకుడు కడిగి బోర్లించాలి. పిల్లీ, ముంగిసా దూరకుండా తలుపు గట్టిగా బిగించాలి. గడియ వేశాక దాన్ని ఒకసారి చేత్తో లాగి చూసి, "వేశాను" అని పైకి అనుకోవాలి. మాట పైకి అంటే మనసుకు గుర్తుంటుంది. అర్ధరాత్రి "వేశానా, లేదా?" అన్న అనుమానం రాదు.

కొన్ని భయపడాల్సినవి కావు. అవి తెలిస్తే సగం దిగులు పోతుంది.

కోడి ఏడాదికొకసారి పాత ఈకలు రాలుస్తుంది. అప్పుడు గుడ్లు కూడా మానేస్తుంది. అది రోగం కాదు.

కోడి మట్టిలో పొర్లుతుంది. రెక్కలు ఆడిస్తుంది. అది మూర్ఛ కాదు. పేలు పోవడానికి అది చేసే మట్టి స్నానం.

పొదిగే పెట్ట ఈకలు ఉబ్బించుకుని గూట్లోనే కూర్చుంటుంది. మేత తక్కువ తింటుంది. దగ్గరకు పోతే కసురుతుంది. అది దాని తల్లి గుణం.

మిట్టమధ్యాహ్నం ఎండలో నోరు తెరిచి రొప్పుతుంది. నీడ, చల్లని నీళ్లు పెడితే తేరుకుంటుంది. నీడకు చేర్చినా, చల్లబడినా రొప్పు తగ్గకపోతే మాత్రం అది జబ్బు. అప్పుడు కదలాలి.

మూడో పని: కోళ్ల పుస్తకం

చదువు నేర్చుకున్నారు కదా! ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. పిల్లల పాత నోటుబుక్కులో తెల్ల కాగితాలు ఉంటే చాలు. అక్క తన పుస్తకంలో ఇలా రాసింది:

2వ తేదీ. కోళ్లు 12. గుడ్లు 3. అన్నీ బాగున్నాయి.

3వ తేదీ. కోళ్లు 12. గుడ్లు 4. టీకా వేయించాను.

4వ తేదీ. కోళ్లు 12. గుడ్లు 2. చుక్కలది డల్‌గా ఉంది. టీకా వల్ల ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చని డాక్టరు చెప్పాడు.

6వ తేదీ. చుక్కలది మేత తిన్నది.

చూశారా! పోయినేడైతే 4వ తేదీన అక్క రాత్రంతా కూర్చునేది. ఇప్పుడు రాసి పడుకుంది. ఆరో తేదీకి కోడి తేరుకుంది. ఆ మాట కూడా కాగితం మీద ఉంది. మళ్లీ ఏ పెట్ట అయినా మందంగా ఉంటే ఆ పేజీ తీసి చదువుకోవచ్చు. భయం ఎప్పుడూ చెడ్డ రోజునే గుర్తుచేస్తుంది. పుస్తకం మంచి రోజులను కూడా గుర్తుచేస్తుంది.

రాత్రి మెలకువ వచ్చి దిగులు పుడితే ఏం చెయ్యాలి? లేచి గూటికి పోవద్దు. కూర్చుని నెమ్మదిగా గాలి పీల్చాలి. అంతకన్నా నెమ్మదిగా వదలాలి. పదిసార్లు అలా చెయ్యాలి. "చూడాల్సింది సాయంత్రం చూశాను. మిగిలింది పొద్దున చూస్తాను" అనుకోవాలి. మొదటి రెండు మూడు రాత్రులు కష్టంగా ఉంటుంది. తర్వాత అలవాటవుతుంది.

అయితే కోళ్లు కేకలు పెడితే లేవాలి. అది నిజమైన దొంగ. కుక్క మొరగాల్సిన వేళ అది.

తెగులు వస్తే, కోడి పోతే

ఎంత చూసుకున్నా ఒక్కోసారి జబ్బు వస్తుంది. అప్పుడు జబ్బు కోడిని వేరే గంప కింద, దూరంగా పెట్టాలి. ముందు మంచి కోళ్లకు మేత వేసి, చివరికి జబ్బు కోడి దగ్గరకు పోవాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పశువుల ఆసుపత్రికి కబురు పంపాలి. 1962 నంబరుకు ఫోను చేసినా పశువైద్య సాయం అడగవచ్చు. సంతలో కొన్న కొత్త కోడిని కూడా రెండు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపాలి.

తెగులు మొదలవగానే మిగతా కోళ్లను గబగబా అమ్మేద్దామని మనసు లాగుతుంది. డబ్బన్నా మిగులుతుందని ఆశ. కానీ ఆ కోడి పోయిన ఇంట్లో కూడా ఒక అక్క ఉంటుంది. ఆమె గూడూ ఖాళీ అవుతుంది. అమ్మవద్దు. చచ్చిన కోడిని కాలువలో వెయ్యవద్దు. కుక్కలకు వెయ్యవద్దు. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి.

బర్డ్ ఫ్లూ మాట విన్నారు కదా? మన దేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చింది. ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోతే వట్టి చేతులతో ముట్టుకోవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు చెప్పాలి. మాంసం, గుడ్లు బాగా ఉడికించి తినాలి. పుకార్లు విని బెంబేలెత్తవద్దు. డాక్టరు చెప్పిన మాట వినాలి.

కోడి పోతే బాధ ఉంటుంది. ఏడుపొస్తే ఏడవాలి. "పోయింది కోడే కదా" అని నోరు నొక్కుకోనక్కర్లేదు. కానీ "నా వల్లే పోయింది" అని గుండెలు బాదుకోవద్దు. పుస్తకం తీసి చూడాలి. టీకా తేదీ దాటిపోయిందా? గూటి తలుపు వదులైందా? దిద్దుకునేది ఉంటే దిద్దుకోవాలి. లేకపోతే చేతిలో లేనిది జరిగిందని మనసుకు చెప్పుకోవాలి.

దిగులు మరీ ముదిరితే

కొందరికి ఇవన్నీ చేసినా దిగులు తగ్గదు. వారాల తరబడి నిద్ర ఉండదు. అన్నం సయించదు. గుండె దడదడలాడుతుంది. ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. అప్పుడది కోళ్ల సంగతి కాదు. అది మనసుకు వచ్చిన జబ్బు. జ్వరానికి మందు ఉన్నట్టే దీనికీ వైద్యం ఉంది. ఇందులో సిగ్గు లేదు. ఆశా కార్యకర్తతో చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే మనసు బాధ చెప్పుకోవచ్చు. ఇది 2022లో మొదలైన ప్రభుత్వ సేవ. తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు.

ఇంతకీ ఆ అక్క ఏమైంది? ఈ ఎండాకాలం ఆమె కోళ్లకు కొక్కెర తెగులు రాలేదు. ఒక పిల్లను మాత్రం గద్ద తన్నుకుపోయింది. ఆ రోజు ఆమె బాధపడింది. "పిల్ల 1 పోయింది. గద్ద. గంప కింద పెట్టాలి" అని రాసింది. పెద్ద గంప ఒకటి అల్లించింది. ఆ రాత్రి పడుకుంది. తర్వాత నెలలో పుస్తకం వదిన చేతికిచ్చి, రెండు రోజులు పుట్టింటికి పోయి తమ్ముణ్ణి చూసి వచ్చింది. ఆ రెండు రోజుల లెక్క వదిన చేతిరాతతో ఉంది: "కోళ్లు 11. గుడ్లు 4. నీ ఎర్రది నన్ను పొడిచింది."

అక్కలారా! కోళ్లను ప్రేమగా పెంచండి. వాటి కోసం చెయ్యాల్సిన పని పొద్దునా సాయంత్రం చెయ్యండి. చేశాక మీరు కూడా నిద్రపోండి. మీ ఆరోగ్యం కూడా ఇంటికి అవసరమే.

కలిసి మాట్లాడుకోండి

1. మీ వీధిలో ఎన్ని ఇళ్లలో కోళ్లు ఉన్నాయి? మొత్తం ఎన్ని? లెక్క రాయండి.

2. మీ కోళ్లకు చివరిసారి టీకా ఎప్పుడు వేయించారు? మళ్లీ ఎప్పుడు వేయించాలి?

3. కాగితం మీద గీత గీయండి. మీ చేతిలో ఉన్నవి ఒక పక్క, లేనివి ఇంకో పక్క రాయండి. పక్కన ఉన్న అక్కకు చదివి వినిపించండి.

4. కోళ్ల పుస్తకంలో ఈ రోజు తేదీ వేసి మొదటి మాట రాయండి.